సమావర్తనము: అడవి నుండి ఇంటికి



ఎవరి స్మృత్యర్థమై ఈ ధర్మనిధి ఏర్పడినదో ఆ మహనీయుని నామధేయమును అధ్యక్షులు తమ తొలిపలుకులలో సగౌరవముగా స్మరించియే యున్నారు. ఉన్నత పాఠశాలలో ముప్పదియేండ్లకు పైగా భూగోళశాస్త్రము బోధించిన ఆయనను పేరుపెట్టి పిలిచిన విద్యార్థి యొక్కడును లేడు గనుక, ఈ సాయంకాలము కూడ ఆయనను మాస్టారు అనియే తలచుకొనుటకు నాకు అనుజ్ఞ నొసగుడని వేడుచున్నాను. ఈ ఉపన్యాసము చేయుమని నిర్వాహకులు పిలిచినప్పుడు, వారి చేతి బెత్తమునకును వారి చేతి మంచినీళ్ళ చెంబునకును సమానముగా ఋణపడిన నేను కాదనలేకపోతిని.

మాస్టారిని ఎరుగని నేటి యువకుల కొరకు ఒక్క సంగతి చెప్పవలసి యున్నది. ప్రతి సంవత్సరము మాఘమాసమున, శివరాత్రి యాత్రికులకై నల్లమల దారి తెరచు దినములలో, పదవ తరగతి పిల్లలను పదిమందినో పండ్రెండుమందినో వెంటబెట్టుకొని ఆత్మకూరు మీదుగా నాగలూటికి చేరి, అచ్చట నుండి పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారము దాటి శ్రీశైలమునకు కాలినడకను పోవుట వారి నియమము. పరీక్షలు ముంగిట నున్న సమయములో ఇదేమి పనియని తండ్రులు అడ్డు చెప్పుచుండిరి. మాస్టారు వాదింపరు; ఆ యింటి అరుగుపై కూర్చుండి, ఆ తండ్రి సరేయనువరకు లేవరు. దారిలో ఒక రాత్రి, యాత్రికుల బసకు అంచున, ఒక్కొక్క బాలుని ఒక్కొక్క చెట్టు మొదట కూర్చుండబెట్టి, పిలిచిన వినబడునంత దూరములో తాము మేలుకొని యుండి, దీపమును మాటయు లేకుండ తెల్లవారువరకు అట్లే యుంచెడివారు. తరువాతి సంవత్సరములలో తమ సతీమణి తోడుతో బాలికలను గూడ తీసికొని పోయిరి.

ఆ రాత్రిని గూర్చి మా తరమువారు ఇప్పటికిని కథలుగా చెప్పుకొందురు. నేను చెప్పదలచినది దాని తరువాత జరిగిన దానిని గూర్చి. శ్రీశైలము నుండి బస్సులో తిరిగి వచ్చిన పిల్లలను మాస్టారు తిన్నగా ఇండ్లకు పోనిచ్చెడివారు కారు. పాఠశాల వసారాలో ఒక నేతపనివాడు, ఒక రైతు, పోస్టుమాస్టరు, ఎవరో యొక పిల్లవాని అమ్మమ్మ, ఇట్లు ఊరివారు కొందరు ముందుగానే వచ్చి చాపలపై కూర్చుండి యుండెడివారు. ప్రతి బాలుడును లేచి తాను అడవిలో చూచినది చెప్పవలెను. పెద్దలు నడుమ మాటాడక వినవలెను. పిదప సంవత్సరముపాటు ప్రతిదినము ఇంటిలో తాను చేయబోవు పని యొకటి ఆ బాలుడే చెప్పవలెను. దానిని మాస్టారు పొడుగాటి లెక్కల పుస్తకములో వ్రాసికొని, మరుసటి మాఘములో పిలిచి అడుగుదురు. అడవికి పోవుట ఈ సంస్కారములో సగమేయనియు, తక్కిన సగము తిరిగి వచ్చుటలో నున్నదనియు, ఆ రెండవ సగమును మనము దాదాపు విడిచిపెట్టితిమనియు నేను ఈనాడు చేయబోవు ప్రతిపాదన యంతయు ఆ లెక్కల పుస్తకము నుండి పుట్టినదే.

1

ఫ్రెంచి భాషలో వ్రాసిన ఆర్నల్డ్ వాన్ జెనెప్ అను పండితుడు 1909లో, పుట్టుక, ఈడేరుట, పెండ్లి, చావు మొదలైన మార్పులు కలుగు తరుణములలో భిన్నదేశముల జనులు జరుపు కర్మలను పోల్చి చూచుచు ఒక గ్రంథమును ప్రకటించెను. పైకి ఎంత వేరుగా కనబడినను వాటన్నింటికి మూడంగములు కలవని ఆయన చూపెను: ఉన్నచోటు నుండి విడివడుట, ఇటును అటును గాని నడిమి స్థితిలో నుండుట, క్రొత్త మనిషిగా తిరిగి సంఘములో కూడుట. నడిమి స్థితికి ఆయన వాడిన పేరు, గడపయను అర్థము గల లాటిన్ మాట నుండి వచ్చినది.

మన యిండ్లలో ఆ మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు. శుక్రవారమునాడు పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టు గడప, దానిపై కూర్చుండిన బాలుని అమ్మమ్మ లేపివేయు గడప, దానికి ఇటునటు నిలిచి ఇచ్చిపుచ్చుకొనరాదని పెద్దలు వారించు గడప మనకు నిత్యపరిచితము. తిరుమలకు పోవువారు ముందుగా దర్శించు క్షేత్రమును దేవుని గడపయని పిలుచుకొన్న జాతి మనది. గడప పవిత్రమేగాని దానిపై కాపురముండరాదని ఆ అమ్మమ్మకు తెలియును.

తరువాత 1950ల దశాబ్దమున, నేటి జాంబియా దేశములోని న్దెంబు జనుల నడుమ నివసించిన విక్టర్ టర్నర్ ఈ నడిమి దశనే పట్టుకొని లోతుగా విచారించెను. బాలురను ఊరికి దూరముగా అడవిలో నుంచినప్పుడు కలిమిలేముల భేదములు, పేరు ప్రతిష్ఠలు తొలగిపోయి, ఒట్టి మనుష్యులుగా మిగిలిన వారి నడుమ అపూర్వమైన ఆత్మీయత మొలకెత్తునని ఆయన కనుగొనెను. అది మొదలు చదువరుల చూపు అంతయు ఆ నడిమి దశపైననే నిలిచినది. ఇది సహజమే, కొండయు, చీకటియు, ఆకలియు, నక్షత్రములును దానిలోనే యున్నవి. మూడవ దశలో నున్నవి వంటిల్లు, కచేరీ, తీరని బాకీలు, అన్నదమ్ముల నడుమ పాత కోపములు. వ్రాయుటకు అంతగా ఉత్సాహము పుట్టింపని ఈ మూడవ దశను గూర్చియే నేను మిమ్ము ఓపికతో వినుమని కోరుచున్నాను.

2

ఉత్తర అమెరికాలోని లకోటా జనులలో, ఒంటిగా కొండపై నిలిచి, అన్నపానములు మాని, దర్శనమునకై విలపించుచు వేడుకొను ఆచారము కలదు. వారి భాషలో దానికి హంబ్లెచెయా యని పేరు. ఆ జాతియందు 1863లో జన్మించిన బ్లాక్ ఎల్క్ అను నతని జీవితకథను జాన్ నైహార్ట్ అను కవి అతని నోట విని 1932లో ప్రకటించెను. నేను చదివిన గ్రంథములలో తిరిగి వచ్చుట యనగా నేమో ఇంత స్పష్టముగా చూపిన కథ మరియొకటి లేదు గనుక కొంచెము విస్తరించి చెప్పెదను.

బ్లాక్ ఎల్క్‌కు తొమ్మిదేండ్ల ప్రాయమున, కొండపైన గాక రోగశయ్యపైననే, ఒక మహాదర్శనము కలిగెను. నాలుగు దిక్కుల నుండి నాలుగు రంగుల గుఱ్ఱములు వచ్చినట్లును, ఆరుగురు తాతలు తనను పిలిచి తన జాతిని నిలుపు శక్తిని తన చేతి కిచ్చినట్లును అతడు చూచెను. మేలుకొని, తొమ్మిదేండ్ల వానికి ఇదంతయు చెప్పుట ఎట్లో తెలియక ఊరకుండెను. ఆ మౌనము ఎనిమిది సంవత్సరములు సాగెను. పెరిగినకొలది ఉరుము వినబడినప్పుడెల్ల అతనికి వణకు పుట్టసాగెను. పిలుపు వచ్చియు తాను కదలలేదను భయము రాత్రింబగళ్ళు వెంటాడెను. పదునేడేండ్ల వాడై, ఆ భయమును మోయలేని స్థితికి వచ్చినప్పుడు, బ్లాక్ రోడ్ అను వృద్ధవైద్యునికి తొలిసారిగా అన్నియు విప్పి చెప్పెను. వృద్ధుడు మూలికలు ఈయలేదు. నీవు చూచినదానిని నీ జనుల ఎదుట, నేలమీద, ఆడి చూపవలెనని విధించెను. 1881లో మోంటానా ప్రాంతమున ఆ గుఱ్ఱపు నృత్యము జరిగెను. గుడారముపై దర్శనములోని రూపములను చిత్రించిరి, నల్లని, తెల్లని, ఎఱ్ఱని, పసుపు చాయగల గుఱ్ఱములను తెచ్చి ఆశ్వికులను అలంకరించిరి, కన్యలు నిలిచిరి, వృద్ధులు ఆరుగురు తాతలుగా కూర్చుండిరి, ఊరంతయు అందు పాల్గొనెను. ఆ దినముతో అతని భయము తొలగెను. పిదప అతడు తన జనులకు వైద్యుడై చాలకాలము సేవ చేసెను.

సోదరులారా, ఈ కథలో ఆ బాలునికి దర్శనము కొరవడలేదు, కొరవడినది వినువారు. దర్శనము కలిగిన నాటికిని అది మేలుగా మారిన నాటికిని నడుమ ఎనిమిదేండ్ల వ్యాధి యుండుటయు, ఆ వ్యాధి ఒక వృద్ధుని చెవియు ఒక ఊరి సహాయమును దొరకిన దినముననే తీరుటయు మరువదగినవి కావు.

ఈ ఆచారముల స్ఫూర్తితో, మరికొన్ని మార్గములనుండియు గ్రహించి, స్టీవెన్ ఫాస్టర్, మెరెడిత్ లిటిల్ అను దంపతులు 1981లో కాలిఫోర్నియా ఎడారి ప్రాంతమున ఒక విద్యాలయమును నెలకొల్పిరి. నగరజీవులైన స్త్రీపురుషులు అచ్చట నాలుగు పగళ్ళు నాలుగు రాత్రులు నీటితో మాత్రము ఒంటరిగా గడపుదురు. వారి పద్ధతిలో నాకు మిక్కిలి నచ్చినది ఒక రాళ్ళకుప్ప. ఇరుగుపొరుగు తావులలో నున్న ఇద్దరు ఒకరినొకరు చూడకుండ, ఒకరు ఉదయమున, ఒకరు సాయంకాలమున వచ్చి ఒక రాయి పెట్టి పోవుదురు. రాయి కనబడనిచో రెండవవారు వెదకబోవుదురు. ఏకాంతమునకై ఎడారికి పోయినవాడును తాను బ్రతికియున్నానని పొరుగువానికి దినమున కొకసారి తెలుపు బాధ్యతను వదలుకొనరాదు. వారు దిగివచ్చిన పిదప పెద్దలు చుట్టు కూర్చుండి ప్రతివాని కథను విని, విన్నదానిని అద్దమువలె వానికి తిరిగి చెప్పుదురు. ఇంటికి చేరిన తరువాతి కాలమే ఆ నాలుగు దినములకంటె కఠినమని ఆ సంప్రదాయమువారు ముందుగానే హెచ్చరింతురు.

అయినను ఇచ్చట ఒక న్యాయమైన అభ్యంతరమును దాచరాదు. 1993లో లకోటా పెద్దలు, తమ పవిత్రకర్మలను బయటివారు ఎత్తుకొనిపోయి అమ్ముకొనుటను తీవ్రముగా ఖండించుచు ఒక ప్రకటన చేసిరి. వారి కోపము నాకు అర్థమగుచున్నది. కొండను, ఉపవాసమును ఎవడైన అరువు తెచ్చుకొనవచ్చును. బ్లాక్ ఎల్క్ ఎదుట గుడారములు వేసికొని నిలిచిన ఆ ఊరిని అరువు తెచ్చుకొనుట సాధ్యము కాదు. కావున మనకు కావలసినది మన ఇంటిలోనే వెదకవలెను.

3

మన ప్రాచీనులు గురుకులవాసము ముగిసి ఇంటికి మరలుటకు సమావర్తనమను పేర ప్రత్యేక సంస్కారమునే విధించిరి. ఉపనయనమునకు శుభలేఖలు వేసి బంధువులను పిలుచు మనము, సమావర్తనమును పెండ్లిపందిటిలో స్నాతకమను పేర ముహూర్తమునకు ముందు తొందరతొందరగా ముగించి, కాశీయాత్ర వేడుకకు పరుగెత్తుచున్నాము. ఒక సంస్కారమునకు ఒక జాతి ఎంత సమయము కేటాయించునో చూచిన, దానికి ఎంత విలువ కట్టినదో తెలియును.

ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుని వృత్తాంతము మీకు తెలిసినదే. తండ్రి ఎవరో తెలియదని నిజము పలికిన ఆ బాలుని గౌతముడు శిష్యునిగా గ్రహించి, బక్కచిక్కిన నాలుగువందల ఆవులను అప్పగించెను. అవి వేయి అయినగాని తిరిగి రానని అతడు అడవికి పోయెను. ఏండ్లు గడచెను. తిరుగుదారిలో ఒక వృషభము, అగ్ని, హంస, ఒక నీటిపక్షి అతనికి బ్రహ్మమును పాదము పాదముగా ఉపదేశించినవి. ఇంతవరకు అందరును చెప్పుదురు. తరువాతి ఘట్టము నాకు ప్రియమైనది. అతడు ఆశ్రమమునకు చేరగానే గురువు ఆవులను లెక్కింపలేదు; ముఖము చూచి, నీవు తెలిసినవానివలె ప్రకాశించుచున్నావు, నీకెవరు బోధించిరని అడిగెను. మనుష్యులు కారని సత్యకాముడు నిజము చెప్పి, అయినను మీ నోటనే వినగోరుచున్నానని వేడెను. గురువు దానినే, ఏమియు కొరవడకుండ, మరల బోధించెను. అడవి చెప్పినది మనిషి నోట స్థిరపడవలెనని ఉపనిషత్కర్త భావించినట్లు తోచుచున్నది. ఈ సత్యకాముడే పెద్దవాడై గురువైనప్పుడు, తన శిష్యుడైన ఉపకోసలుని ముఖమున అదే తేజస్సును గుర్తించి, అదే ప్రశ్న అడిగెను. తనను ఒకరు అడిగిరి గనుక తాను మరియొకరిని అడుగుట నేర్చెను.

ఇక మహాభారతము. పాండవుల వనవాసము పండ్రెండేండ్లు. దాని వెనుక ఒక ఏడు అజ్ఞాతవాసము. జూదపు పందెములోని నిబంధనగా మాత్రమే దీనిని చదువుట మనకు అలవాటు. నేను చాలకాలము అట్లే చదివితిని. మాస్టారు ఒకనాడు నడకలో, పెచ్చెరువు దాటిన తరువాత ననుకొందును, అడవి నుండి వచ్చినవారిని వ్యాసుడు తిన్నగా సింహాసనమునకు గాక వంటింటికి పంపెను, చూచితివా అనిరి. అప్పటి నుండి విరాటపర్వము నాకు మరియొక విధముగా కనబడుచున్నది.

జూదములో సర్వము కోల్పోయిన ధర్మరాజు అడవిలో బృహదశ్వుడను మునివలన అక్షహృదయమను విద్యను గ్రహించెను. విరాటుని కొలువులో కంకుభట్టుగా ఆ రాజుతో పాచికలాడుచు కాలము గడపెను. తన్ను చెరచిన పాచికనే చేతబట్టి చెడకుండ నుండుట ఆయనకు ఆ ఏటి పరీక్ష. అర్జునుడు అస్త్రములకై పోయి, స్వర్గములో చిత్రసేనునివద్ద ఆటపాటలు నేర్చెను. విరాటుని ఇంట బృహన్నలయై ఉత్తరకు నేర్పినది ఆ ఆటపాటలనే. రాక్షసులను చంపిన భీముడు వలలుడై పొయ్యి రాజేసెను. నకులుడు దామగ్రంథియై గుఱ్ఱములను, సహదేవుడు తంత్రీపాలుడై ఆవులను కాచిరి. రాజసూయమున మహారాజ్ఞిగా అభిషేకజలములు తాల్చిన ద్రౌపది మాలినియై ఒకరి జడ అల్లెను. ఆయుధములను ఊరి వెలుపల శ్మశానమునకు దగ్గరనున్న జమ్మిచెట్టుపై శవమువలె కట్టి పెట్టి వచ్చిరి. దసరానాడు జమ్మి ఆకును బంగారమని పంచుకొను మనము, ఆ చెట్టు మొదట వారు ఏమి దింపి పోయిరో ఒక క్షణము తలచుకొనవలదా?

ఇచ్చట ఒక సందేహము మీకు కలుగవచ్చును, నాకును కలిగినది. బ్లాక్ ఎల్క్ తన దర్శనమును ఊరంతటి ఎదుట చూపి స్వస్థుడయ్యెను. పాండవులు తమ శక్తిని దాచుకొని సిద్ధులైరి. ఈ రెండును పరస్పరవిరుద్ధములు కావా? కావని నా నిశ్చయము. అతడు చూపినది జనులు వాడుకొనుటకు. తన గొప్పకై చూపలేదు. వీరు దాచినది బిరుదును. విద్యను దాచలేదు, ప్రతిదినము ఒకరికి పనికివచ్చునట్లు వెచ్చించిరి. జమ్మిపై నున్న గాండీవమును అర్జునుడు దింపించినదియు, పరుల ఆవులను శత్రువులు తోలుకొని పోవునప్పుడే. ఇద్దరి విషయమునను అడవిలో దొరకినది ఇతరుల అవసరమై మారిన తరువాతనే పూర్ణమైనది.

తెలుగు భారత చరిత్రను కూడ ఒక్క మాట స్మరింపవలెను. నన్నయ అరణ్యపర్వము నడుమ ఆగెను. తిక్కన 13వ శతాబ్దమున ఆ మిగిలిన అడవిని ముట్టక, విరాటపర్వముతో ఆరంభించెను. అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన 14వ శతాబ్దమున పూరించెను. శ్రీశైలమునకు మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవియే ఈ ఎఱ్ఱన. మేము పిల్లలముగా ఎక్కి దిగిన దారి ఆ మెట్లదే. వానలు కురియనప్పుడు మన పల్లెలలో చదివించునది విరాటపర్వము. దీనికి కారణములు వేరుగా చెప్పువారు కలరు. ఇంటికి మరలిన వారి కథనే మన రైతులు వానకై ఎన్నుకొనుట మాత్రము నాకు ఎంతయో తృప్తి నిచ్చుచున్నది.

4

ఇప్పుడు మన కాలమునకు వత్తము. కార్తికము మొదలు సంక్రాంతి వరకు మన ఊళ్ళలో ఏ వీధికి పోయినను నల్లని బట్టలు కనబడును. శబరిమలకు పోవు అయ్యప్ప దీక్ష నలుబదియొక్క దినములు. తెల్లవారకముందు చన్నీటి స్నానము, నేలపై పడక, కాలికి చెప్పు లేకుండుట, ఒంటిపూట భిక్ష, సాయంకాలము భజన. దీక్షలో నున్నవాడు కూలివానిని, కలెక్టరును, కన్నకొడుకును ఒక్కటిగా స్వామియని పిలుచును. స్త్రీని మాతయని పిలుచును. టర్నర్ ఆఫ్రికా అడవిలో చూచిన ఆ సమానత్వమును మనము మన బజారులో ఏటేట చూచుచున్నాము. కన్నెస్వామిని చేయి పట్టి నడిపించుటకు గురుస్వామి కలడు. ఇరుముడిలో ముందుముడి దేవునికి, వెనుకముడి తన తిండికి. ఎరుమేలి నుండి పాతదారిని పోవువారు అళుదా నదిలో రాయి తీసికొని కొండపై విడుతురు. వియోగము, గడప, రెండును ఇంత నిండుగా నిలిచియున్న సంస్కారము నేడు మన సంఘములో మరియొకటి లేదు.

మూడవది మాత్రము ఏమగుచున్నదో ఇంటి ఆడవారిని అడుగుడు. మాల ఉన్నన్నాళ్ళు మా యింట దేవుడే తిరిగినట్లుండెను అను మాట నేను ఎన్నో ఇండ్లలో వింటిని. ఆ మాట వెనుక నిట్టూర్పును కూడ వింటిని. పీఠములో నలువదిమంది స్వాములకు అన్నము వండి వడ్డించిన చేయి, మాల తీసిన మరునాడు మంచము మీదనుండి మంచినీళ్ళు అడుగును. కొడుకు స్వామి కాక మరల ఒరే యగును. మానిన సీసా మరల ఇంటికి వచ్చును. దీనిని చూచి దీక్షయే కపటమని నిందించువారు కలరు. నేను అంగీకరింపను. ఆ నలుబదియొక్క దినములు అతడు నిజముగానే అట్టివాడు. అతని భార్యయే సాక్షి. బట్ట, పిలుపు, పీఠము, గురుస్వామి, తోడి స్వాములు, ఇన్ని కొయ్యలపై నిలిచిన పందిరిని ఒక్క ఉదయమున అన్ని కొయ్యలును పెరికి, ఇప్పుడు నీవే నిలువుమనిన ఎవడు నిలువగలడు?

తిరిగి వచ్చుటకు విత్తనములు ఆ సంస్కారములోనే యున్నవి. ముద్రకాయలో పోసి తీసికొనిపోయిన నేయి అభిషేకమైన తరువాత ప్రసాదమై ఇంటికి వచ్చును. టెంకాయ చిప్ప మాత్రము అచ్చటి అగ్నిలో వేయుదురు. పోవునప్పుడు గడపవద్ద కొబ్బరికాయ కొట్టినట్లే వచ్చినప్పుడును కొట్టుదురు. మాలను తల్లిచేతగాని గురుస్వామిచేతగాని తీయింతురు. ఈ చివరి ఘట్టమునకు పది నిమిషములకు బదులు ఒక సాయంకాలము కేటాయింపుడని గురుస్వాములకు నా సవినయ విన్నపము. తీసిన మాలను పెట్టెలో పెట్టుటకు ముందు, భార్యాబిడ్డలు ఎదుట కూర్చుండగా, ఇన్ని నియమములలో నేను ఇంటికి తెచ్చుకొనునది ఇదియొక్కటియని అతనిచేత చెప్పింపుడు. వండుటయే కానిండు, వారమునకు ఒక పూట. కొడుకును స్వామియని పిలుచుటయే కానిండు. తరువాత మరి నలుబదియొక్క దినములకు అతని ఇంటికి పోయి, ఎట్లున్నదని అడుగుడు. అతనిని గాక అతని భార్యను అడుగుడు. ఒక్క నియమము చిన్నదని సంకోచింపవలదు. ధర్మరాజు తెచ్చుకొన్నదియు ఒక్క పాచికల విద్యయే.

5

చివరగా నా సంగతి. పదునాలుగేండ్ల ప్రాయమున పెచ్చెరువు గట్టున చెట్టు మొదట కూర్చుండి గడపిన రాత్రి నేను మొదట భయపడితిని, పిదప ఏడ్చితిని, తెల్లవారుజామున ఏ కారణమును లేకయే మా అమ్మ జ్ఞాపకము వచ్చినది. నేను లేవకముందే ఆమె ఊరిచివర బావి నుండి నాలుగు బిందెల నీళ్ళు తెచ్చునని తెలిసియు, అదొక పనియని అంతవరకు నాకు తోచియుండలేదు. వసారాలో పెద్దల ఎదుట లేచి, రోజును రెండు బిందెలు నేను తెత్తునని చెప్పితిని. మాస్టారు వ్రాసికొనిరి.

నిజము చెప్పవలెనన్న, ఆ రాత్రి నాలో మూడు వారములకంటె నిలువలేదు. చీకటిని, చప్పుళ్ళను, ఆ తెల్లవారుజామును మరచితిని. పరీక్షల పేర నిద్ర ఎక్కువైనది. ఒక ఉదయము లేవలేదు. మరునాడు బావివద్ద, వసారాలో నా మాట విన్నవారిలో నొకరైన అమ్మమ్మ, మా బంధువు గాదు, నా స్నేహితుని అమ్మమ్మ, చేద దించుచు, నిన్న కనబడలేదేమి నాయనా, ఒంట్లో బాగులేదా అని అడిగినది. అంతకంటె ఒక్క మాట అనలేదు. ఆ ప్రశ్నకు జడిసి నేను ఆ సంవత్సరమంతయు నీళ్ళు మోసితిని. నల్లమల నన్ను మార్చినదని నేను చాలచోట్ల సభలలో చెప్పియున్నాను. ఈ వేదికపై దానిని సవరించుకొనుచున్నాను. నల్లమల చూపినది, నిలిపినది ఆ అమ్మమ్మ.

నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల అభయారణ్యము 1983లో ప్రాజెక్ట్ టైగర్ క్రిందికి వచ్చిన పిదప, నడకకు అనుమతి యాత్రాదినములకే పరిమితమైనది. అది మంచిదే, అడవి మనకంటె ముందు దానిలోని ప్రాణులది, దానితో బ్రతుకు చెంచులది. అందరు పిల్లలును అడవికి పోనక్కరలేదు. హాస్టలు నుండి మొదటిసారి ఇంటికి వచ్చిన కూతురు, ఆసుపత్రి మంచము నుండి లేచి వచ్చిన తండ్రి, దూరదేశమున కూలికి పోయి ఏండ్ల తరువాత మరలిన అన్న, వీరందరును ఏదో యొక అడవి నుండి వచ్చినవారే. వారికి మనము అన్నము పెట్టుదుము, సామానులు విప్పి చూతుము. ఏమి చూచితివని అడిగి, నడుమ మాటాడక వినుట మాత్రము మరతుము. గౌతముడు ఆవులను లెక్కపెట్టక ముఖము చూచెనని మరల మనవి చేయుచున్నాను.

మాస్టారి లెక్కల పుస్తకము నేడు ధర్మనిధివారి భద్రతలో నున్నది. చివరి పుటలు ఖాళీగా నున్నవి. వారు పోయిన తరువాత ఆగిన నడకను ఈ యేడు పూర్వవిద్యార్థులు తిరిగి ఆరంభించుచున్నారు. మాఘములో పదునొకండుమంది పిల్లలు నాగలూటి నుండి బయలుదేరుదురు. వారిని నడిపించుటకు మనుష్యులు దొరకిరి; తిరిగి వచ్చిన సాయంకాలము పాఠశాల వసారాలో వారి ఎదుట కూర్చుండి వినుటకును, తరువాత సంవత్సరము పొడుగున బావివద్దనో, కొళాయివద్దనో, బస్సు ఆగుచోటనో కనబడినప్పుడు అడుగుటకును పెద్దలు ఇంకను కావలెను. ఒక్కొక్క బిడ్డకు ఒక్కరైన చాలును. సభ ముగిసిన పిదప ఆ పుస్తకము ఈ బల్లమీదనే యుండును. వీలైనవారు వచ్చి పేరు వ్రాయుడు.